గిన్నెలో గిన్నె

కూర బాగుందని మెచ్చుకుని ఎలా చేశారో చెప్పమంటే, అన్నీ చెప్పి ఒక్కటి మింగేసే ఆడవాళ్ళు ఉంటారు. అబద్ధమేమీ చెప్పరు. ఉప్పు ఎంతో, మంట ఎంతో, మూత ఎప్పుడు పెట్టాలో విసుగు లేకుండా చెబుతారు. ఆ ఒక్కటీ మాత్రం గొంతు దాటనివ్వరు. విన్నావిడ ఇంటికి వెళ్ళి అచ్చం అలాగే చేస్తుంది. అలా రాదు. "నీ చేతిలో ఏముందో గానీ" అంటూ మళ్ళీ వచ్చి పొగుడుతుంది. ఆ పొగడ్త కోసమే ఆ మింగడం.

గుండె ఆపరేషన్లు జరిగే థియేటర్లో పెద్ద సిస్టర్ అలాంటి మనిషి.

పందొమ్మిదేళ్ళుగా ఆవిడ సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందిస్తోంది. ఆయన చెయ్యి చాపేసరికి కావలసింది అందులో ఉంటుంది. అడగాల్సిన పని లేదు. కానీ ఆవిడకి పేరు తెచ్చింది కత్తెరలూ సూదులూ కాదు, స్పాజమ్ మందు.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం పూడుకుపోతే, ఒంట్లో ఇంకోచోటి నుంచి నాళం తీసి, పూడిక దాటించి అతుకుతారు. కాలిలోంచి తీసేది సాధువు. ఎలా పడుకోబెడితే అలా పడుకుంటుంది. మోచేతికీ మణికట్టుకీ మధ్య నుంచి తీసే ధమని ఎక్కువకాలం మన్నుతుంది గానీ దానికి పౌరుషం ఎక్కువ. చెయ్యి తగిలితే అత్తిపత్తి ఆకులా ముడుచుకుంటుంది. అగ్గిపుల్లంత లావున్నది చూస్తుండగానే దారప్పోగంత అయిపోతుంది. అప్పుడు దాన్ని గుండెకి అతికినా ఒకటే, అతక్కపోయినా ఒకటే. అలా ముడుచుకోకుండా సడలించే మందునే థియేటర్లో అందరూ స్పాజమ్ మందు అంటారు. రెండు మందులు కలిపి ముందురోజు సాయంత్రమే ఫార్మసీ వాళ్ళు సీసాల్లో పోసి పంపుతారు. 'చల్లగా ఉంచవలెను' అని సీసా మీద చీటీ ఉంటుంది. థియేటర్ ఫ్రిజ్‌లో పెడతారు. తీసిన ధమనిని ఆ మందులో నానబెడతారు, సిరంజితో లోపలికి కొద్దికొద్దిగా ఎక్కిస్తారు.

పెద్ద సిస్టర్ టేబుల్ దగ్గరుంటే ధమని మెత్తగా, దారిలో ఉంటుంది. ఆవిడ సెలవు పెట్టిన రోజు మొండికేస్తుంది.

ఎందుకంటే, చలికి మించిన శత్రువు ఆ నాళానికి లేదు. చన్నీళ్ళు పోస్తే ఒళ్ళు ముడుచుకోదా? ఆవిడకీ సంగతి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒకరోజు ఫ్రిజ్ పాడైంది. బయటే ఉన్న మందు వాడారు. ఆరోజు ధమని పసిపిల్ల వేలిలా మెత్తగా ఉండిపోయింది. అందరూ అదృష్టం అనుకున్నారు. ఆవిడ మాత్రం ఇంటికి వెళుతూ దారంతా దాని గురించే ఆలోచించింది. మర్నాటి నుంచి మిగతావాళ్ళకంటే ముందు వచ్చి, సీసాని గోరువెచ్చటి నీళ్ళ బేసిన్‌లో అరగంట ఉంచేది. పసిపిల్లల స్నానానికి నీళ్ళు చూసినట్టు మోచెయ్యి ముంచి చూసేది. టేబుల్ మీద పెద్ద గిన్నెలో వెచ్చటి నీళ్ళు పోసి, అందులో మందు గిన్నె పెట్టేది. అంతే. ఆవిడ చేతి మహిమ మొత్తం అదే.

మొదట్లో ఆవిడ ఏదీ దాచుకునే మనిషి కాదు. ఫ్రిజ్ పాడవకముందు ఒక పిల్లకి ఓపిగ్గా పని నేర్పింది. దారం ఎక్కించడం దగ్గర్నుంచి సర్జన్ చిరాకు కనిపెట్టడం దాకా అన్నీ. ఆ పిల్ల పై చదువుకి వెళ్ళి, మూడేళ్ళ తర్వాత మేట్రన్ అయి తిరిగొచ్చింది. వచ్చిన వారానికే పెద్ద సిస్టర్ సెలవు చీటీ మీద 'కారణం సరిపోదు' అని రాసి వెనక్కి పంపింది. నిచ్చెన వేసినవాళ్ళని కిందే ఉంచి ఎక్కినవాళ్ళు పైకి పోతారని ఆవిడకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నోటికి తాళం వేసింది.

చిన్న సిస్టర్ వచ్చి రెండేళ్ళు. ఇరవయ్యారేళ్ళ పిల్ల. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని చూసిందల్లా రాసుకుంటుంది. వచ్చిన కొత్తలో అడిగింది.

"గిన్నెలో గిన్నె ఎందుకక్కా?"

"ఒలికిపోకుండా."

ఆ పిల్ల అదీ రాసుకుంది.

మొన్నీమధ్య పెద్ద సిస్టర్ రెండు రోజులు జ్వరంతో రాలేదు. చిన్న సిస్టరే టేబుల్ దగ్గర నిలబడింది. నేర్చుకున్నట్టే గిన్నెలో గిన్నె పెట్టింది. ఒలికిపోకుండా. రోజూ అందులో కనిపించే నీళ్ళు ఒలికినవే అనుకుందేమో, బయటి గిన్నెలో నీళ్ళే లేవు. ధమని ముడుచుకుంది, సర్జన్ ముప్పావుగంట తంటాలుపడి దాన్ని దారికి తెచ్చి, ఆ కోపమంతా పిల్ల మీద చూపించాడు. "గంపెడు పని చేస్తావు, గింజంత ఫలితం రాదు. ఆవిడ చేతిలో ఉన్నది నీ చేతిలో లేదమ్మా" అని ఆరుగురి ముందు అన్నాడు. పెద్ద సిస్టర్ తిరిగొచ్చిన రోజు మత్తు డాక్టరు ఎదురొచ్చి, "అమ్మయ్య, వచ్చారా! మీరు లేకపోతే మా పని గోవిందా" అన్నాడు. ఆవిడ "అలా అనకండి సార్, పాపం చిన్నపిల్ల" అంది. క్యాంటీన్‌కి తీసుకెళ్ళి ఆ పిల్లకి టీ ఇప్పించింది. "నాకూ మొదట్లో ఇంతేనే, చెయ్యి తిరగాలి" అని వీపు నిమిరింది. ఆ సాయంత్రం ఇంటికి వెళుతున్నప్పుడు ఆవిడ నడకలో తేలికదనం ఉంది.

అది జరిగిన నెలన్నరకి ఆవిడ తమ్ముడికి గుండెలో నొప్పి వచ్చింది.

తమ్ముడు ప్లంబరు. యాభై రెండేళ్ళు. ఇళ్ళలో పైపులు బిగిస్తూ, తొట్ల కింద దూరి కూర్చుని కూర్చుని కాళ్ళ నరాలు ఉబ్బి తాళ్ళలా మెలికలు తిరిగాయి. మాట మీద మాట వేయడంలో మొనగాడు. పరీక్షలన్నీ అయ్యాక సర్జన్ బొమ్మ గీసి చూపిస్తుంటే ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు.

"అంటే మోటారు బాగానే ఉంది, పైపులే పూడుకుపోయాయంటారు."

"అంతే."

"కొత్తవి వేస్తారా?"

"నీ దగ్గరున్నవే తీసి వేస్తాం. కాళ్ళలోవి నువ్వు పాడుచేసుకున్నావు. ఛాతీలో ఒకటి ఉంది, ఎడమ చేతిలోంచి ఇంకోటి తీస్తాం."

"ఒకచోట ఊడదీసిన పైపు ఇంకోచోట బిగిస్తే మేమైతే గ్యారంటీ ఇవ్వమండీ."

సర్జన్ కూడా నవ్వాడు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊరుకోండి, డాక్టరుగారితో ఏమిటా మాటలు" అంది. తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగి, "వదిన ఉందిగా, నాకు భయం లేదు" అంది.

"మీ వదిన లోపలికి రాదమ్మా" అన్నాడు సర్జన్. "సొంతవాళ్ళు బల్ల మీద ఉంటే చెయ్యి వణుకుతుంది. ఇక్కడ ఆ పద్ధతి లేదు. చిన్న సిస్టర్ ఉంటుంది."

ఆ పద్ధతి పెద్ద సిస్టర్‌కి తెలియనిది కాదు. తెలిసిన పద్ధతే, కానీ తన గుమ్మం దాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మధ్యలో మూడు రోజులు. రోజూ చెబుదామనే అనుకుంది. చెప్పడానికి నాలుగు మాటలు చాలు: స్పాజమ్ మందుని వెచ్చబెట్టి వాడు. కానీ ఆ నాలుగు మాటల వెనకాల ఐదో మాట ఒకటి వచ్చి నిలబడేది. మరి నన్ను అంతమందిలో తిట్టినప్పుడు ఎందుకు చెప్పలేదు అని ఆ పిల్ల అడుగుతుంది. అడగకపోయినా కళ్ళతో చూస్తుంది. ఆ చూపుకి జవాబు దొరక్క మొదటిరోజు గడిచింది. రెండోరోజు చిన్న సిస్టర్ సెలవు. మూడోరోజు చెబుదామని గదిలోకి వెళితే మేట్రన్ కూర్చుని ఉంది. ఆవిడ ముందా చెప్పడం! నోటి దాకా వచ్చింది వెనక్కి పోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఏడున్నరకి థియేటర్ బయటి వరండాలో చిన్న సిస్టరే ఎదురొచ్చింది. రాత్రి నిద్రపోనట్టుంది.

"అక్కా, ఇవాళ మీ తమ్ముడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఆ మందు విషయంలో నేనేదో తప్పు చేస్తున్నాను, ఏమిటో తెలియడం లేదు. మీకు దండం పెడతాను, ఏదైనా ఉంటే చెప్పండి."

ఇంతకంటే దారి ఎవరిస్తారు? పక్కన మత్తు డాక్టరు బూట్లకి కవర్లు తొడుక్కుంటున్నాడు. ఆయా గచ్చు తుడుస్తోంది. పెద్ద సిస్టర్ వాళ్ళిద్దరినీ చూసింది.

"ఏముందే అందులో! రోజూ చేసినట్టే చెయ్. కంగారు పడకు, కంగారే నీ జబ్బు."

అంది గానీ తమ్ముడిని గాలికి వదిలేసే మనిషి కాదు. ఆవిడ లెక్క ఆవిడకుంది. లోపలికి రానివ్వకపోతేనేం, పక్కన సామాన్ల గదిలోకి వెళ్ళకూడదని ఎవరూ అనలేదుగా. చిన్న సిస్టర్ బట్టలు మార్చుకోవడానికి వెళ్ళగానే ఆ గదిలోకి వెళ్ళి, ఫ్రిజ్ తెరిచి, సీసా తీసి, గోరువెచ్చటి నీళ్ళ బేసిన్‌లో పెట్టింది. మోచెయ్యి ముంచి చూసింది. సరిగ్గా ఉంది. ఎనిమిదిన్నర దాకా ఉంచి, తానే తుడిచి బల్ల మీద పెట్టేస్తే, ఆ పిల్ల వచ్చి మామూలుగా తీసుకెళుతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పామూ చావదు, కర్రా విరగదు.

ఎనిమిదింపావుకి ఆయా పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, మీ తమ్ముడుగారి వేలి ఉంగరం రావడం లేదట. ఆ చెయ్యే కోయాలట. సర్జన్ గారు చిరాకు పడుతున్నారు."

వెళ్ళింది. పని చేసి చేసి మొద్దుబారిన వేలు, పాతికేళ్ళ కిందటి ఉంగరం. మరదలు సబ్బు రాసి లాగుతోంది, తమ్ముడు మూలుగుతూనే నవ్వుతున్నాడు.

"చూడక్కా, పెళ్ళిలో ఎంత సులువుగా ఎక్కించింది. దిగమంటే దిగదు!"

"నోరు మూసుకుని చెయ్యి పైకెత్తు" అంది పెద్ద సిస్టర్. దారం తీసుకుని వేలి చుట్టూ గట్టిగా చుట్టి, కొసని ఉంగరం కిందుగా దూర్చి, మెల్లగా విప్పుకుంటూ వచ్చింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఉంగరం ఊడి మరదలి చేతిలో పడింది. తమ్ముడు వేలు ఊదుకుంటూ, "నీ దగ్గర లేని విద్య లేదే అక్కా" అన్నాడు. ఆ వెంటనే బండి మీద తోసుకుపోయారు.

ఆవిడ సామాన్ల గదికి వచ్చేసరికి థియేటర్ తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. బేసిన్ ఉంది, సీసా లేదు. చిన్న సిస్టర్ తీసుకెళ్ళిందన్న మాట. వేడి సరిగ్గా ఎక్కే ఉంటుంది. పెద్ద సిస్టర్ బేసిన్ నీళ్ళు పారబోసి, తుడిచి బోర్లించి, గుండె మీద చెయ్యి వేసుకుంది. గండం గడిచింది అనుకుంది. చెప్పకుండానే గడిచింది అని కూడా అనుకుంది.

వరండాలో మరదలి పక్కన కూర్చుంది. లోపల ఏం జరుగుతుంటుందో గడియారం చూసి చెప్పగలదు. "ఇప్పుడు చేతిలోది తీసేసి ఉంటారు." "ఇప్పుడు గుండె ఆపి ఉంటారు, భయపడకు, పంపు నడుస్తుంటుంది." "ఇక ఛాతీ మూసేస్తుంటారు." మరదలు బుద్ధిగా తలాడిస్తూ వింది. కానీ మూయాల్సిన వేళ దాటి అరగంటైంది. గంటైంది. తలుపు తెరుచుకుని ఆయా బయటికొచ్చి, వీళ్ళ వైపు చూడకుండా ఐసీయూ వైపు పరుగెత్తింది. తిరిగి వస్తూ ఇద్దరు మనుషుల సాయంతో ఒక యంత్రం తోసుకొచ్చింది.

"అదేంటి వదినా?" అంది మరదలు.

గుండె తనంతట తాను లాగలేనప్పుడు పక్కన పెట్టే బెలూన్ పంపు అది. పెద్ద సిస్టర్ గడియారం వైపు చూడటం మానేసింది. 

సాయంత్రం నాలుగింటికి సర్జన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. "ప్రాణానికి భయం లేదు. చేతి నరం మాట వినలేదు. అతికాక ముడుచుకుపోయింది. ఎంత మందు పోసినా సడలలేదు. కాల్లో పనికొచ్చే ముక్క ఒకటి వెతికి మళ్ళీ వేశాం. ఈలోగా గుండెలో కొంత భాగం దెబ్బతింది. కొందరి నరాల తీరే అంత" అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి, "మీరు ఉండాల్సింది సిస్టర్" అన్నాడు.

ఆయన వెనకే చిన్న సిస్టర్ వచ్చింది. ముఖం మీద మాస్కు అచ్చు ఇంకా పోలేదు. పెద్ద సిస్టర్ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది.

"నా తప్పేం లేదక్కా, నిజం. ఎంత జాగ్రత్తగా చేశానో! పొద్దున చేతులు కడుక్కునే ముందు సామాన్ల గదిలోకి తొంగి చూస్తే, సీసాని ఎవరో నీళ్ళలో పడేసి పోయారు. చల్లగా ఉంచాలని అంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా! మందు పాడైపోతుందని వెంటనే తీసి ఫ్రిజ్‌లో, లోపలికంటా, మంచు పక్కన పెట్టాను. వాడేముందే బయటికి తీయించాను. ముడుచుకున్నప్పుడల్లా మళ్ళీ మళ్ళీ పోశాను. నాలుగుసార్లు. ఇంకా ఏం చేయాలక్కా నేను?"

పెద్ద సిస్టర్ ఆ పిల్ల చేతులు విడిపించుకుంది. ఏడుస్తున్న పిల్ల అది దుఃఖం అనుకుంది.

తమ్ముడు తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. గుండె మూడోవంతు బలంతో కొట్టుకుంటోందని తేల్చారు. మెట్లెక్కకూడదు, బరువెత్తకూడదు. ఇక పైపుల పని కలలో మాట. కాయితాల్లో 'రోగి రక్తనాళ స్వభావం వల్ల' అని రాశారు. కాయితాల్లో లేనిది అందరి నోళ్ళలో ఉంది: చిన్న సిస్టర్ చెయ్యి మంచిది కాదు. మేట్రన్ ఆ పిల్లని థియేటర్ నుంచి తీసేసి సాధారణ వార్డుకి వేసింది. పక్క గుడ్డలు లెక్కపెట్టుకునే పని. ఎవరూ ఏమీ అనకుండానే అందరూ అన్నారు. పెద్ద సిస్టర్‌ని మాత్రం దారిలో ఆపి మరీ ఓదార్చారు. "మీరుంటే ఇలా అయ్యేదా?" అన్న ఆ మాట వినలేక ఆవిడ వెనక మెట్ల దారిన రాకపోకలు మొదలుపెట్టింది.

తమ్ముడిని ఇంటికి పంపిన మర్నాడు, ఆపరేషనై పన్నెండు రోజులకి, ఆవిడ సర్జన్ గదికి వెళ్ళింది. ఆయన సంతకాలు చేస్తున్నాడు.

"సార్, ఆ రోజు స్పాజమ్ మందు చల్లగా వచ్చింది."

"ఆఁ?"

"రోజూ నేను అరగంట వెచ్చబెట్టి ఇస్తాను. ఆ పిల్లకి తెలియదు. నేను చెప్పలేదు."

ఆయన కలం ఆపి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "వెచ్చగా ఉండాలని ఎవరికి తెలియదు సిస్టర్? పుస్తకాల్లోనే ఉంది. ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారనుకున్నాను."

"ఎవరో ఒకరు కాదు సార్. నేనొక్కదాన్నే. పదహారేళ్ళుగా."

"రెండు జతల గ్లౌజుల్లోంచి నాకేం తెలుస్తుంది!" అన్నాడాయన, ఎవరో తనని నిందించినట్టు. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "చూడండి. ఇది కాయితం మీద పెడితే ఫార్మసీ, నేను, మీరు, ఆ పిల్ల, అందరం వరసగా నిలబడాలి. మీ తమ్ముడి గుండె మాత్రం బాగుపడదు. జరిగిందేదో జరిగింది."

"ఆ పిల్లని వార్డుకి వేశారు సార్. నా వల్ల."

"కొన్నాళ్ళు ఉండనీండి, ఆ అమ్మాయికీ కాస్త విశ్రాంతి. టేబుల్ దగ్గర మీరున్నారు, అది చాలు నాకు. రేపు రెండు కేసులున్నాయి, వస్తున్నారుగా?"

శిక్ష పడుతుందనుకుని వెళ్ళిన మనిషి, పీట వేయించుకుని బయటికొచ్చింది.

ఆ మధ్యాహ్నమే వార్డుకి వెళ్ళింది. చిన్న సిస్టర్ దుప్పట్లు మడతపెడుతోంది. పెద్ద సిస్టర్ నిలబడే అంతా చెప్పింది: ఫ్రిజ్ పాడైన రోజు, గోరువెచ్చటి నీళ్ళు, బేసిన్‌లో సీసా పెట్టింది తానేనన్న సంగతి. పిల్ల మడతపెట్టడం ఆపలేదు. అంతా అయ్యాక జేబులోంచి పుస్తకం తీసి, వేలు తడుపుకుని పేజీలు తిప్పింది.

"గిన్నెలో గిన్నె. ఒలికిపోకుండా" అని చదివింది. "తారీఖు కూడా వేసుకున్నాను."

పెద్ద సిస్టర్ తల వంచుకుంది.

"మొన్న ఆయన నన్ను అందరి ముందు కడిగేసినప్పుడు కూడా మీకు తెలుసు."

"తెలుసు."

"టీ ఇప్పించారు నాకు. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పాను, అక్కడ తల్లిలాంటి మనిషి ఒకావిడ ఉంది, ఆవిడ ఉన్నంతకాలం నాకేం భయం లేదని." పిల్ల గొంతు పెరగలేదు. "ఒక మనిషి ఒంట్లో సగం బలం నేనే తీసేశానని పన్నెండు రోజులుగా నాకు తిండి సహించలేదు. మీరు రోజూ నన్ను చూస్తూనే ఉన్నారు."

"మళ్ళీ టేబుల్ దగ్గరికి తెప్పిస్తాను నిన్ను. మేట్రన్‌తో నేనే చెబుతాను."

"వద్దు" అంది పిల్ల. "ఇంకా ఏమేం మింగారో నాకేం తెలుసు? మీ పక్కన నేను నిలబడలేను."

ఇంకో దుప్పటి అందుకుని దులిపింది. ఆ దులపడానికి పెద్ద సిస్టర్ రెండడుగులు వెనక్కి జరగాల్సి వచ్చింది.

మర్నాడు ఆవిడ తన చేత్తో తెల్లకాయితం మీద 'స్పాజమ్ మందును వాడే ముందు అరగంట గోరువెచ్చటి నీటిలో ఉంచాలి. బల్ల మీద కూడా వెచ్చటి నీటి గిన్నెలోనే ఉంచాలి' అని రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మత్తు డాక్టరు చదివి, "ఇది అందరూ చేసేదేగా, కొత్తగా రాయడమెందుకు?" అని లోపలికి పోయాడు. పదహారేళ్ళు కడుపులో దాచుకున్నది రెండు వరసల కాయితం.

ఆదివారం తమ్ముడింటికి వెళ్ళింది. రోజుకి మూడుసార్లు వేసుకోవాల్సిన మాత్రలు తీసుకెళ్ళింది. ఛాతీలోంచి తీసి అతికినది కూడా ధమనే, అది ముడుచుకోకుండా ఆర్నెల్లు వాడాలి. తమ్ముడు గోడకి ఆనుకుని మంచం మీద ఉన్నాడు. పెరట్లో పంపు దగ్గర నుంచి గది దాకా నాలుగడుగులు వేస్తే ఆయాసం. మరదలు వంటగదిలో ఉంది, మధ్య తలుపు తెరిచే ఉంది.

"అక్కా, ఒకటి అర్థం కావడం లేదు" అన్నాడు. "ఇన్నేళ్ళలో నేను పైపు పగలడం చూశాను, తుప్పు పట్టడం చూశాను. ముడుచుకోవడమేంటి?"

చెప్పింది. సర్జన్‌కి చెప్పినప్పుడూ, ఆ పిల్లకి చెప్పినప్పుడూ రాని ఏడుపు ఇక్కడ వచ్చింది. అయినా ఆపకుండా చివరిదాకా చెప్పింది. తమ్ముడు మధ్యలో జోకు వేస్తాడేమో, కనీసం తిడతాడేమో అని చూసింది. వంటగదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఆ అమ్మాయి నిన్ను అడగలేదా?" అన్నాడు తమ్ముడు.

"అడిగింది."

"ఎప్పుడు?"

"ఆ రోజే. పొద్దున."

"నన్ను లోపలికి తీసుకెళ్ళాకా, ముందా?"

"ముందే."

తమ్ముడు తల ఊపాడు. ఊడిన ఉంగరం మళ్ళీ పెట్టుకోలేదు, దాని చోట తెల్లటి చార ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దాడు. మెల్లగా గోడ వైపు ఒత్తిగిల్లి పడుకున్నాడు.

మరదలు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మాత్రలు ఎలా వేయాలి వదినా?" అంది.

"పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. తిన్నాక. ఒక్క పూట కూడా మానకూడదు. కాళ్ళు వాస్తే, తల తిరిగితే డాక్టరుకి చెప్పాలి."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేమీ లేదుగా? చెప్పకుండా వదిలేసింది ఏమీ లేదుగా?"

"లేదమ్మా, ఒట్టు" అంది పెద్ద సిస్టర్. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది, వేళ్ళు మడిచి, నెమ్మదిగా.

మరదలు అంతా వింది. తర్వాత మాత్రల అట్టా, డాక్టరు రాసిచ్చిన చీటీ సంచిలో వేసుకుని, వీధి చివర మందుల షాపులో ఒకసారి అడిగి వస్తానని చెప్పులు వేసుకుంది.